అర్థం ఎవరు చెప్పాలి?

మా అమ్మకు అన్యభాషలు వచ్చేవి. ఈ ఒక్క మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. చదువుకున్నోణ్ణి గదా, అందునా బళ్ళో పాఠం చెప్పేవాణ్ణి, నలుగురిలో చెప్పుకుంటే నవ్వుతారనుకున్నాను.

మా అమ్మ వేలిముద్ర మనిషి. పొగాకు బ్యారన్ కాడ పచ్చాకు కర్రలకు కట్టే పనికి, మిరపకాయల కోతకి, కలుపుకి పోయేది. చేలో ఆమె నోటెంట వచ్చే మాటలు నేను లెక్కబెట్టి చెప్పగలను. "అట్నే దొరా." "వస్తన్నా దొరా." "కూలి రేపిస్తారా అయ్యా." అంతే. ఆ మాటలు కూడా తలొంచుకునే అనేది.

అట్టాంటి మనిషి శుక్రవారం ఉపవాస కూడికలో, మా మాదిగపల్లె చివర తాటాకు పందిట్లో మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు పైకెత్తి, కళ్ళు మూసుకుని గంటసేపు మాట్లాడేది. తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు. మొదట "స్తోత్రం, స్తోత్రం" అని మెల్లగా మొదలయ్యేది. కాసేపటికి ఆ మాట విరిగిపోయి నాలుక మీద ఏవేవో అక్షరాలు దొర్లేవి. గొంతు పెరిగేది. కొంగు జారితే పక్కనున్నామె సర్దేది. కన్నీళ్ళు కారేవి. ఒక్కోసారి నవ్వేది కూడా. తెల్లచీర, కమ్మలు తీసేసిన బోసి చెవులు, పొగాకు జిగురు నల్లగా పట్టిన చేతులు. ఆ చేతులు అంత పైకి లేవడం నేనింకెక్కడా చూళ్ళేదు.

2008లో నేను ఒంగోలులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ మెట్టెక్కింది నేనే మొదలు. విద్యార్థి సంఘంలో తిరిగేవాణ్ణి. గోడల మీద రాసేవాణ్ణి, కరపత్రాలు పంచేవాణ్ణి. ఒక శుక్రవారం ఇద్దరు స్నేహితుల్ని మా ఊరు తీసుకెళ్ళాను. ఇంటికి తాళం. వెతుక్కుంటూ పందిరి దగ్గరికి పోతే అమ్మ ఆ స్థితిలో ఉంది. "మీ అమ్మకి ఫిట్సేమోరా, తాళాలు పెట్టండి చేతిలో" అన్నాడు ఒకడు. ఇంకొకడు పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు అమ్మకి వినబడింది.

రాత్రి అన్నం పెడుతుంటే నేనే మొదలుపెట్టాను. "అమ్మా, అది భాష కాదు. పిచ్చి. చదువు లేకపోబట్టి మిమ్మల్ని అట్టా ఆడిస్తన్నారు" అన్నాను. అమ్మ గరిటె ఆపింది.

"నీకర్థం కాకపోతే అది బాస కాదా నాయనా? నువ్వు ఇంగిలీసు చదవతంటే నాకర్థమయ్యిందా? నేనేమన్నా నవ్వినానా?"

నా దగ్గర జవాబు ఉంది. ఇంగ్లీషుకి వ్యాకరణం ఉంది, నిఘంటువు ఉంది, మాట్లాడే దేశాలున్నాయి అన్నాను. అమ్మ ఇంకేం అనలేదు. ఆ తర్వాత నేను ఊళ్ళో ఉన్న శుక్రవారాల్లో ఆమె పందిట్లో నోరెత్తలేదు. పెదాలు బిగించుకుని కూర్చునేది. చానా ఏళ్ళు నేను గెలిచాననే అనుకున్నాను.

*

ఇప్పుడు నాకు ముప్పై ఏడేళ్ళు. నేను విశ్వాసిని కాదు. ఆ వరం నాకు లేదు, కావాలనీ లేదు. అయినా అమ్మ అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. అర్థం కాని మాట మాటేనా? అసలు ఎవరికి అర్థం కావాలి? దానికి అర్థం చెప్పే హక్కు ఎవరిది?

మొదట నా పక్షాన ఉన్నవి చెబుతాను. విలియం సామరిన్ అనే భాషాశాస్త్రవేత్త ఎన్నో దేశాల్లో అన్యభాషల ప్రార్థనలు విని, రికార్డు చేసి, 1972లో పుస్తకం వేశాడు. అందులో వ్యాకరణం లేదనీ, మాటకి కట్టుబడిన అర్థం లేదనీ, మనిషి తనకు తెలిసిన భాషలోని ధ్వనుల్నే మళ్ళీ మళ్ళీ కలిపి పలుకుతాడనీ తేల్చాడు. 2006లో అమెరికాలో ఆండ్రూ న్యూబర్గ్ బృందం ఐదుగురు స్త్రీల మెదళ్ళని పరీక్ష చేసింది. వాళ్ళు అన్యభాషల్లో మాట్లాడేటప్పుడు నుదుటి వెనక భాగంలో, అంటే మనం మనల్ని అదుపులో పెట్టుకునే చోట, రక్తప్రసారం తగ్గిందని చూసింది. అందరూ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే.

అంటే మా అమ్మ మాట్లాడింది ఏ దేశపు భాషా కాదు. ఇది ఒప్పుకుంటాను. కానీ అదుపు తగ్గింది అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. తెల్లారి లేచినకాడ్నించి రాత్రి పడుకునేదాకా నాలుకని అదుపులో పెట్టుకునే బతికిన మనిషికి వారానికో గంట ఆ అదుపు జారితే దాన్ని రోగం అనాలా? చేలో ఆమె నోరు మూయించిన అదుపునేమో ఆరోగ్యం అనాలా?

బైబిలు కూడా నేను నా పక్షానే వాడుకున్నాను. కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక పద్నాలుగో అధ్యాయంలో పౌలు అన్యభాషలో పదివేల మాటల కన్నా, వినేవాళ్ళకి బోధపడే ఐదు మాటలు మేలంటాడు. నేను దేవుణ్ణి నమ్మకపోయినా ఆ ఐదు మాటల్ని అమ్మ మీదికి విసిరాను. అదే అధ్యాయంలో తాను వాళ్ళందరికన్నా ఎక్కువగా అన్యభాషలు మాట్లాడతానని పౌలు చెప్పుకున్నాడు. వాటిని ఆపొద్దన్నాడు. అవి నేను చదవలేదు. స్త్రీలు సంఘంలో నోరెత్తొద్దన్న మాట కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. మొగోళ్ళం మనకి కావలసిన ముక్క ఏరుకుంటాం.

ఇంకొకటి. పెంతెకొస్తు దినాన యెరూషలేములో శిష్యులు అన్యభాషల్లో మాట్లాడితే చూసినవాళ్ళలో కొందరు తాగి వాగుతున్నారన్నారు. పొద్దున తొమ్మిదింటికే తాగుతామా అని పేతురు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. వాళ్ళు గలిలయ నుంచి వచ్చిన పల్లెటూరివాళ్ళు. మా పల్లెలో రాత్రి ఎవరు గట్టిగా మాట్లాడినా ఊళ్ళోవాళ్ళు అనేది అదే, "మాదిగోళ్ళు తాగినారు."

*

మా వాళ్ళకి ఈ నోరు క్రైస్తవంతో వచ్చింది కాదు. అంతకుముందు మాతంగి ఉండేది. మాదిగ స్త్రీ. జాతరలో ఆమెకు పూనకం వస్తే పెద్దకులాల వాళ్ళ మీద ఉమ్మేది, నోటికొచ్చినట్టు తిట్టేది. వాళ్ళు దాన్ని పుణ్యమనుకుని ఓర్చుకునేవాళ్ళు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ కులాల పుస్తకంలో కూడా ఈ సంగతి రాసి ఉంది. పూనకం దిగాక అదే మనిషి ఊరి సొత్తు. ఆమెకు పెళ్ళి లేదు, ఇల్లు లేదు. దేవుడి పేరు చెప్పి ఆడపిల్లల్ని ఊరికి వదిలే ఆచారాన్ని ఆపడానికి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది 1988లో. అంటే తిట్టే హక్కు ఆ పూటకే, అదీ ఆమె మనిషి కాదు, దేవత అన్న షరతు మీద. ఆమె తిట్టుకి కూడా అర్థం ఊరే చెప్పుకుంది. "అమ్మవారు ఆశీర్వదించింది" అనేశారు. కడుపులో మంటతో తిట్టింది అని ఒక్కడూ అనలేదు.

తర్వాత కరువు వచ్చింది. 1876 నుంచి 78 దాకా. క్లవ్ దొర బకింగ్‌హామ్ కాలవలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని మా వాళ్ళకి పని పెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువ మంది మాదిగలు. ఆ మిషను మాకు బడి ఇచ్చింది, ఆస్పత్రి ఇచ్చింది. దాన్ని కాదనను. కానీ గుళ్ళో ఎట్టా కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో, ఏ పాట ఎన్నో నంబరో కూడా నేర్పింది. చదువొచ్చినవాళ్ళు ముందు వరస, రానివాళ్ళు వెనక వరస అయ్యారు. మా అమ్మ వెనక వరస మనిషి. పాటలపుస్తకం ఆమె చేతిలో తలకిందులుగా ఉన్నా ఎవరూ చూడలేదు. తాటాకు పందిట్లో పుస్తకం అక్కర్లేకపోయింది. అందుకే ఆమె అటు పోయింది.

ఈ పందిళ్ళ కథ ఎక్కడ మొదలైందని వెతికితే నాకు విలియం సేమూర్ దొరికాడు. నల్లవాడు. అమ్మానాన్నలు బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళు. ఒక కన్ను కనబడదు. 1906 మొదట్లో అమెరికాలో హ్యూస్టన్ అనే ఊళ్ళో చార్లెస్ పార్హమ్ అనే తెల్లదొర బైబిలు బడి నడుపుతుంటే చదువుకోడానికి పోయాడు. తెల్లవాళ్ళతో కలిపి కూర్చోబెట్టరు గనక బయట నడవాలో కూర్చుని, తెరిచిన తలుపులోంచి పాఠం విన్నాడు. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. బడి బయట వరండాలో కూర్చుని అక్షరాలు విన్న మా తాతల తరం గుర్తొచ్చింది.

ఆ ఏడాది ఏప్రిల్లో లాస్ ఏంజెలెస్‌లో అజూసా వీధిలో, గుర్రాలశాలగా వాడి వదిలేసిన పాత చర్చిలో సేమూర్ కూడికలు పెట్టాడు. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, మెక్సికోవాళ్ళు, పనిమనుషులు, చాకిరీ చేసేవాళ్ళు ఒకే నేల మీద మోకాళ్ళూనారు. ఊళ్ళో పత్రిక అదేదో పిచ్చిగోల అని రాసింది. అక్టోబరులో పార్హమ్ వచ్చి చూసి అసహ్యించుకున్నాడు. నల్లా తెల్లా కలిసి ఒకరినొకరు ముట్టుకుంటా ప్రార్థించడం ఆయన కంటికి ఆగలేదు. అన్యభాషలు దేవుడి వరం అని నేర్పింది ఆయనే. నడవాలో కూర్చున్నవాడికి ఆ వరం వచ్చేసరికి ఆయనకి అది అపవిత్రమైంది.

అదే అజూసా వీధి నుంచి గార్ అనే తెల్ల దంపతులు 1907లో కలకత్తా వచ్చారు. తమకు ఆత్మ బెంగాలీ ఇచ్చిందని నమ్మి ఓడెక్కారు. దిగి మాట్లాడితే బెంగాలీవాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాలేదు. దీన్ని నేను ఎగతాళికి చెప్పడం లేదు. పక్కవాడి భాష నేర్చుకోకుండానే వాడికి బోధించొచ్చు అనుకోవడం ఒక రకం గర్వం. ఆ గర్వం గార్ దొరకే కాదు, నాకూ ఉంది. అది తర్వాత చెబుతాను.

*

అన్యభాషల్లో నాకు కడుపు మండే సంగతి వేరే ఉంది. 1999లో మా అక్క కాన్పులో చనిపోయింది. నాకప్పుడు పదకొండేళ్ళు. రాత్రిపూట బండి దొరకలేదు. ఆస్పత్రికి చేరేసరికి డాక్టరు లేడు. మూడోరోజు అమ్మ ఆకు కట్టే పనికి పోయింది, అడ్వాన్సు తీసుకుని ఉంది గనక. ఏడవలేదు. నెల తిరిగాక ఒక శుక్రవారం ఆమెకు భాషలొచ్చాయి. మొదటిసారి అప్పుడే.

కూడికల్లో ఒకరు భాషల్లో మాట్లాడితే ఇంకొకరు అర్థం చెప్పాలి. ఆ రోజు పాస్టరుగారు చెప్పాడు. "నా కుమారీ, నువ్వు సణిగావు గనక నీ బిడ్డను తీసుకున్నాను, ఇప్పుడైనా కృతజ్ఞత కానుకతో నా దగ్గరికి రా అని ప్రభువు సెలవిస్తున్నాడు." ఆయన బయటివాడేం కాదు. మా పక్క పల్లె మాదిగాయనే. అమ్మ మేకని అమ్మి ఎనిమిది వందలు తీసుకుపోయి ఇచ్చింది.

చానాకాలం ఈ పాపాన్ని నేను అన్యభాషల ఖాతాలో రాశాను. ఇప్పుడు అట్టా అనుకోవడం లేదు. పాపం నాలుకది కాదు. నాలుకకీ జనానికీ మధ్య నిలబడి, "ఆమె చెప్పింది ఇదీ" అని తీర్పు చెప్పే కుర్చీది. ఆ కుర్చీ ఒక్క పందిట్లోనే లేదు. ఆసామి దగ్గర ఉంది. మా అమ్మ మౌనానికి ఆయన ఒప్పుకోలు అని అర్థం చెప్పుకున్నాడు. సర్కారు దగ్గరా ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువైతేనే షెడ్యూల్డు కులం అంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. ఆ రెండు సవరణల్లోనూ క్రైస్తవుల పేరు లేదు. మా పల్లెలో ప్రతి ఇంటికీ రెండు నోళ్ళు. బడి రిజిస్టర్లో ఒకటి, గోడ మీది క్యాలెండర్లో ఒకటి. మా ప్రార్థన ఏ భాషదో తేల్చేది కూడా మేము కాదన్నమాట.

కోర్టులో కూడా ఆ కుర్చీ ఉంది. పౌలు అడిగిన ఐదు మాటలు మావాళ్ళు పలకలేదా? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. చూసినవాళ్ళు ఏళ్ళ తరబడి తెలుగులో, అందరికీ తెలిసిన తెలుగులో చెప్పారు. 2007లో ప్రత్యేక కోర్టు విని శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు నేరం రుజువు కాలేదని అందరినీ విడిచిపెట్టింది. అప్పుడు నాకు పౌలుని అడగాలనిపించింది. అయ్యా, ఐదు మాటలు చాలన్నావే, వినేవాడు వినకపోతే పదివేలకీ ఐదుకీ తేడా ఏంది? అర్థం మాటలోనే ఉండదు. వినే చెవిలో సగం ఉంటుంది.

*

నా చెవి సంగతి చెబుతానన్నాను. 2012 డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చింది. నల్లమల అంచున ఒక ప్రాథమిక పాఠశాల. తండాల నుంచి సుగాలీ పిల్లలు వస్తారు. ఇంట్లో లంబాడీ భాష, బళ్ళో తెలుగు. చేరిన కొత్తలో మూడో తరగతి ఆడపిల్ల ఒకతె మూడురోజులు మానేసి వచ్చింది. ఎందుకు రాలేదని గద్దించాను. భయపడి తన భాషలో ఏదో అంది. "ఏందా గొణుగుడు? సరిగ్గా మాట్లాడు. అదీ ఒక భాషేనా?" అన్నాను. తరగతంతా నవ్వింది. ఆ పిల్ల పెదాలు బిగించుకుని తల దించుకుంది.

ఐదో తరగతి పిల్లవాడొకడు లేచి, "సార్, వాళ్ళమ్మకి జొరమంట" అన్నాడు.

ఆ బిగించిన పెదాలు నేను ముందెక్కడో చూశాను. శుక్రవారం పందిట్లో చూశాను. నేను చిన్నప్పుడు బళ్ళో "యాడికి" అంటే, "మీ పల్లె భాష ఇక్కడ కుదరదు" అని నా చెవి మెలిపెట్టిన సారుని జీవితమంతా తిట్టుకున్నాను. ఆ సారు నాలోనే కూర్చుని ఉన్నాడు. ఆ పిల్లది నిజమైన భాష, లక్షల మంది మాట్లాడే భాష. నాకు రాదు, అంతే. నాకు రానిదాన్ని భాష కాదనేశాను. అమ్మకు చెప్పిన వ్యాకరణం, నిఘంటువు, దేశాలు అన్నీ ఆ క్షణాన సాకులుగా కనబడ్డాయి. తర్వాత ఆ పిల్లల దగ్గరే కాసిని మాటలు నేర్చుకున్నాను. నేను పలికితే వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

పోయిన ఎండాకాలం ఇంటికి పోయినప్పుడు అమ్మని అడిగాను. పదిహేనేళ్ళు దాటింది మా మధ్య ఆ మాట వచ్చి. వాకిట్లో మంచం మీద పడుకుని ఉంది. మోకాళ్ళు పట్టేసి ఇప్పుడు పనికి పోవడం లేదు.

"అమ్మా, అప్పుడు పందిట్లో ఏం చెప్పేదానివి?"

నవ్వింది. "మాటలు నాకూ తెలవ్వురా అయ్యా. ఎవురి గురించో తెలుసు. మీ అక్క గురించి."

"మరి పాస్టరుగారు అట్టా అర్థం చెబితే ఎందుకూరుకున్నావు? మేకనెందుకు అమ్మినావు?"

"నలుగురిలో లేచి కాదనేదానికి నాకు నోరెక్కడిదిరా ఆ రోజుల్లో? ఆయన చెప్పింది ఆయన మాట. నేను చెప్పింది నాది. దేవుడికి తెలవదా ఏంది ఏది ఎవురిదో."

కాసేపాగి అంది, "నీ ముందర మానేసినా గానీ, బ్యారన్ కాడ ఆకు కడతా లోపల్లోపల అనుకుంటానే ఉన్నా."

నేను గెలవలేదని ఆ రోజు తెలిసింది.

పౌలు అధ్యాయంలో నేను దాటేసిన మాట ఇంకొకటి ఉంది. అన్యభాషలో మాట్లాడేవాడు దానికి అర్థం చెప్పే శక్తి కూడా తనకే ఇమ్మని అడుక్కోవాలంటాడు. అర్థం చెప్పే పని మొదట మాట్లాడినవాళ్ళదే. ఆ ఒక్క మాట పట్టుకుని ఉంటే మా పందిట్లో మేక అమ్ముడయ్యేది కాదు.

అన్యభాషతోనే అంతా అయిపోతుందని నేననడం లేదు. మా అక్క ఎందుకు చచ్చిపోయిందో దేవుడికి ఏ భాషలో చెప్పినా చెల్లుతుందేమో. ఆస్పత్రికి తెలుగులోనే చెప్పాలి, అర్జీ రాయాలి, రోడ్డు మీద కూర్చోవాలి. పందిట్లో ఏడ్చి వచ్చి తెల్లారి మళ్ళీ "అట్నే దొరా" అంటే ఆసామికే లాభం. ఇది నేను ఇప్పటికీ అంటాను. కానీ ముందు నోరు పెగలాలి. పెగిలిన నోటిని చూసి నవ్వి, తర్వాత మీటింగుకి రమ్మని పిలిస్తే ఎవరొస్తారు? అమ్మని నేను ఏ మీటింగుకీ తీసుకుపోలేదు. మా మీటింగుల్లో మైకు నాలాంటి డిగ్రీవాళ్ళ చేతిలోనే ఉండేది. ఆమెలాంటివాళ్ళ బాధకి అర్థం మేమే చెప్పాం. మా పాస్టరుగారు చేసిందీ అదే. కాకపోతే మేము మేకని అడగలేదు.

ఇప్పుడు ఊరికి పోయిన శుక్రవారాల్లో అమ్మని బండి మీద ఎక్కించుకుని కూడిక దగ్గర దింపుతాను. తాటాకు పందిరి పోయి రేకుల షెడ్డు వచ్చింది. నేను లోపలికి పోను. బయట వేపచెట్టు కింద కూర్చుంటాను. మొన్నోసారి షెడ్డులోంచి ఒక గొంతు పైకి లేచింది. అమ్మదేనేమో, తెలియలేదు. అక్కడ ఆడుకుంటున్న పిల్లలు కొందరు కిసుక్కున నవ్వారు. నవ్వొద్దని సైగ చేశాను. ఎందుకు సార్, ఏమంటున్నారు అని అడిగాడొకడు.

"నాకు తెలవదురా. అయిపోయినాక ఆమెనే అడుగుదాం" అన్నాను.